కాకి ఈక, బెండు ముక్క, కొరమేను

అంబాజీపేట చుట్టుపక్కల పంటకాలువ గట్టున గాలం వేసే మనిషికి కావాల్సిన సరంజామా చాలా తక్కువ. ఒక వెదురు కర్ర, నైలాను దారం, దానికో బెండు, కొబ్బరిచిప్పలో తడిమట్టి, అందులో నాలుగు ఎర్రలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇంతే వెచ్చగా, ఇంతే మురికిగా ఉండే నీటి దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో మాత్రం ఒక డబ్బా ఉంటుంది. అందులో ఎర్రలుండవు, అరలు అరలుగా ఈకల గుత్తులుంటాయి. ఒక్కో గుత్తి కింద ఒక కొక్కెం దాగి ఉంటుంది. వాటిని ఫ్లైలు అంటారు, అంటే ఈగలని. ఆ డబ్బాను తెచ్చి కోనసీమ కాలువ గట్టున తెరిస్తే అందులో ఏవి పనికొస్తాయి, ఏవి రావు? సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది: ఆ నీటిలో ఏ పురుగు తిరుగుతుంటే దాని నకలు కట్టుకోమని. నా వాదన వేరు. వెచ్చని నీటిలో ఫ్లై పనిచేసేది పురుగును పోలి ఉన్నందుకు కాదు, నీటిని కదిలించినందుకు. అందువల్ల పురుగుల బొమ్మలు చూసి ఫ్లైని ఎంచుకోవడం కంటే, కాలువ నీరు ఎలా ఉందో, అందులో చేప ఎలా బతుకుతోందో చూసి ఎంచుకోవడం సరైన పద్ధతి.

ఈగ పేరు ఈ వేటకు ఎలా అంటుకుందో ముందు చూద్దాం. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా జాలరుల సంగతి రాశాడు. అక్కడి నది మీద తిరిగే ఒక రకం ఈగ అంటే ఒంటిమీద చుక్కలున్న చేపలకు మహా ఇష్టం. కానీ ఆ ఈగను పట్టుకుని కొక్కేనికి గుచ్చబోతే రంగు పోతుంది, రెక్కలు నలిగిపోతాయి, చేప మొహం చూడదు. అందుకని వాళ్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు మెడకింది మైనం రంగు ఈకలు రెండు కట్టేవారట. ఆ తర్వాత ఐరోపాలో ఈ విద్యంతా పెరిగింది ట్రౌట్ అనే చల్లనీటి చేప చుట్టూ. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల నీరు హాయిగా ఉంటుంది, 25 డిగ్రీలు దాటితే ప్రాణం మీదకొస్తుంది. అది ఉండే కొండవాగులో నీరు అద్దంలా ఉంటుంది. దాని తిండిలో పెద్ద భాగం నీటిలో పుట్టి ఒకేసారి గుంపుగా రెక్కలు విప్పే చిన్న పురుగులు. ఒకే పురుగు వేలల్లో కొట్టుకొస్తున్నప్పుడు చేప దాన్నే ఏరుకుని తింటుంది, వేరే రూపాన్ని పట్టించుకోదు. నకలు ఎంత బాగుంటే అంత లాభమనే సిద్ధాంతం పుట్టింది అక్కడే, అక్కడ అది నిజం కూడా. మన దక్షిణాదిలో ఆ సిద్ధాంతానికి చోటున్నది నీలగిరుల లాంటి చలికొండల్లోనే. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు అక్కడి వాగుల్లోకి ట్రౌట్‌ను తెచ్చి వదిలారు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువల వల పరుచుకున్న మధ్య డెల్టాలో నీటి స్వభావమే వేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు నీరు 25 డిగ్రీలకు పైనే ఉంటుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 10 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములకు మించి కరగదు. గుర్రపుడెక్క కమ్మిన బోదెలో తెల్లవారుజామున అది కూడా మిగలదు, ఎందుకంటే రాత్రంతా మొక్కలు, కుళ్లే ఆకులు, సూక్ష్మజీవులు కలిసి దాన్ని వాడేస్తాయి. మరోవైపు చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది కనుక, 10 డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో ఖర్చు దాదాపు రెట్టింపో, అంతకన్నా ఎక్కువో అవుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం లాంటిదన్నమాట. అలాంటి నీటిలో పెద్ద చేపకు చిన్న చిన్న పురుగుల వెంట రోజంతా తిరగడం గిట్టుబాటు కాదు. నాచు నీడలో కదలకుండా కాచుకుని, ఒక్క దూకుడుతో పెద్ద ముద్ద అందుకోవడమే లాభం. కప్ప, రొయ్య, చేపపిల్ల, నీటిలో పడ్డ పెద్ద పురుగు, ఏదైనా సరే. ఏరుకోవడానికి అక్కడ తీరిక ఉండదు. అందిందా లేదా అన్నదే లెక్క.

ఈ జీవితానికి నిలువెత్తు ఉదాహరణ కొరమేను. తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకున్నది దీన్నే. దీని తలలో, మొప్పలకు పైన, రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న గదులు రెండున్నాయి. నోటితో గాలి గుక్క తీసుకుని ఆ గదుల్లో నింపుకుంటుంది. ఇది దానికి అదనపు సౌకర్యం అనుకుంటే పొరపాటు. పెద్ద కొరమేనును నీటిపైకి రానివ్వకుండా ఆపితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అందువల్ల అది ఎంత లోతు తెలిసిన చేపయినా నీటి పైపొరతో దానికి విడదీయలేని బంధం ఉంది. గుక్క కోసం పైకి రావాలి, తిండిలో మంచి భాగం పైనే దొరుకుతుంది, గుడ్లు పొదిగేదీ పైనే. ఇప్పుడు కింది నుంచి అది చూసే లోకం ఎలా ఉంటుందో గమనించండి. వెలుతురు గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది కాబట్టి, పైలోకమంతా ముడుచుకుపోయి 97 డిగ్రీల శంకువులో ఇరుక్కుంటుంది. అరమీటరు లోతున ఉన్న చేపకు తలపైన దాదాపు 113 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రటి కిటికీ ఒకటి కనిపిస్తుంది. దాని బయట నీటి పైపొర అద్దంలా మారి కింది మట్టినీ నాచునూ చూపిస్తుంది. ఆ అద్దం మీద తేలే వస్తువులో నీటికి పైనున్న భాగం చేపకు కనబడదు. నీటిలో మునిగిన కాస్త భాగం, అద్దానికి పడ్డ గుంట, దాని చుట్టూ చెదిరిన వెలుగు, అంతే కనబడతాయి. అంటే కిటికీ బయట పడ్డ కప్పకూ, కప్పలా నీటిని గుంట పెట్టే బెండు ముక్కకూ చేప కంటికి తేడా చాలా తక్కువ.

కంటికి తోడు చేపకు మరో ఇంద్రియం ఉంది. తల నుంచి తోక దాకా పక్కల వెంబడి కనిపించే గీత ఒట్టి గీత కాదు. దాని లోపల జిగురు టోపీలు పెట్టుకున్న సన్నని వెంట్రుకల్లాంటి కణాలు వరుసగా ఉంటాయి. నీరు కాస్త జరిగినా ఆ టోపీలు ఒరుగుతాయి, కబురు మెదడుకు చేరుతుంది. ఇది పనిచేసేది దగ్గర్లోనే, తన ఒంటి పొడవుకు ఒకటి రెండు రెట్ల దూరం లోపు. దూరం నుంచి ముందుగా చేరేది చప్పుడు, ఎందుకంటే నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది. మొదట చప్పుడు చేపను తిప్పుతుంది, తర్వాత కన్ను దారి చూపుతుంది, చివరి జానెడులో పక్కగీత గురి కుదురుస్తుంది. వెచ్చని నీటి ఫ్లైలలో నేను మొదటి స్థానమిచ్చే పాపర్‌లో ఈ మూడింటికీ ఏర్పాటుంది. దాన్ని దగ్గరగా చూస్తే చాలా మామూలు వస్తువు. బొటనవేలి గోరంత తేలే ముక్క, ముందువైపు చెంచాలా తొలిచిన గుంట, వెనక నాలుగు మెత్తని ఈకలు, నడుముకు రబ్బరు కాళ్లు. దారాన్ని చిన్నగా గుంజితే ఆ గుంట నీటిని కొరికి బుడుంగుమంటుంది. తర్వాత చేయాల్సింది ఏమీ లేదు, ఊరుకోవడమే. వలయాలు విస్తరించి ఆరిపోయేదాకా ఆగాలి. రబ్బరు కాళ్లు మాత్రం వణుకుతూనే ఉంటాయి. చాలాసార్లు చేప పడేది ఆ మౌనంలోనే.

వెచ్చని నీటి ఫ్లైల చరిత్ర కూడా ఈ వాదన వైపే మొగ్గుతుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రపు చట్టనూగాకు చెందిన పెకిన్‌పా అనే ఆయన 20వ శతాబ్దపు తొలి దశకాల్లో సీసా బిరడా ముక్కలతో తేలే ఫ్లైలు చేసి అమ్మాడు. అవి ఏ పురుగుకూ నకళ్లు కావు. 1967లో పెన్సిల్వేనియాలో రస్సెల్ బ్లెసింగ్ వూలీ బగ్గర్ అనే ఫ్లై కట్టాడు. నల్లని నూగు తోక, ఆకుపచ్చ ఒళ్లు, దాని చుట్టూ మెట్లు మెట్లుగా పుంజు ఈక. 1980లలో అదే రాష్ట్రంలో సస్క్వెహానా నది మీద బాబ్ క్లౌజర్ కొక్కెం మెడకు డంబెల్ ఆకారపు సీసపు కళ్లు కట్టాడు. ఆ బరువు వల్ల గుంజినప్పుడు లేచి, వదిలినప్పుడు ముక్కు కిందికి వంచి మునిగే చేపపిల్ల నడక వచ్చింది. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. బ్లెసింగ్ తన ఫ్లైని అక్కడి నది రాళ్ల కింద ఉండే డాబ్సన్ పురుగు పిల్లను మనసులో పెట్టుకునే కట్టాడు కదా, అది నకలే కదా? నిజమే, కట్టినవాడి ఉద్దేశం అదే. కానీ ఆ పురుగు పేరు కూడా ఎరగని ఖండాలన్నిటిలో, చెరువుల్లో, ఉప్పుటేర్లలో కూడా ఆ ఫ్లై చేపలను పడుతోంది. ఒక చోట జలగ అనుకుని, ఒక చోట తోకకప్ప అనుకుని, మరో చోట రొయ్య అనుకుని కొరుకుతుంది చేప. ఏదీ అనుకోకుండా కూడా కొరకవచ్చు. గుంజినప్పుడు ముడుచుకుని ఆపినప్పుడు విచ్చుకునే ఆ ఈకల ఊపిరే ఇన్ని చోట్లా ఉన్న ఉమ్మడి కారణం. నకలు పుట్టుకకు కారణమై ఉండొచ్చు, గెలుపుకు కారణం కదలికే.

ఇక సామగ్రి. ఈ విషయంలో కోనసీమ బీదది కానే కాదు. ఈక అంటే అన్నీ ఒకటి కావు. పుంజు మెడ ఈకను వేళ్ల మధ్య వెనక్కి దువ్వి చూడండి, పోచలు బిరుసుగా, విడివిడిగా నిలబడతాయి, పోచకూ పోచకూ మధ్య పట్టి ఉంచే సన్నని కొక్కేలు చాలా తక్కువ. అందుకే అది నీరు పీల్చదు, నీటిపొర మీద కాళ్లు చాపి నిలుస్తుంది. చల్లనీటి తేలే ఫ్లైకి అదే కావాలి, అందుకే మన దేశపు కోడి మెడలు ఫ్లైలు కట్టేవారి కోసం విదేశాలకు ఎగుమతయ్యాయి. పెట్ట ఈక దానికి పూర్తిగా ఎదురు. మెత్తన, కొక్కేలు దట్టం, నీళ్లు పట్టగానే బరువెక్కి మునుగుతుంది, ప్రతి చిన్న ప్రవాహానికీ ఊగుతుంది. సంక్రాంతి రోజుల్లో అందరి చూపూ బరిలో దిగే డేగ, కాకి, సేతువ పుంజుల మీద ఉన్నా, కాలువలోకి దిగే ఫ్లైకి గొడ్లపాకలో గింజలు ఏరుకునే నాటుపెట్ట ఈకే మేలు. పుంజు ఈకే కావాలంటే కాకి పుంజు నడుము మీద వేలాడే పొడుగు ఈకలు వాడొచ్చు. తేలే ఒంటికి బెండు ఉంది, పెళ్లి బాసికాలు చేసే బెండే. అది దొరక్కపోతే అరిగిన హవాయి చెప్పు ముక్క చాలు, దాని నిండా మూసుకుపోయిన గాలి బుడగలే కాబట్టి ఎంత నానినా మునగదు. కొబ్బరి మార్కెట్టుకు పేరుపడ్డ ఊళ్లో కొబ్బరి పీచును వాడకూడదా అనిపించడం సహజం. మమకారం ఎంత ఉన్నా అది తోకకు పనికిరాదు. పీచులో నూటికి 40 పాళ్లకు పైగా లిగ్నిన్, అంటే చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థం. తాడుకూ చాపకూ అదే బలం, ఫ్లై తోకకు అదే లోపం. కర్రలా నిలబడుతుంది గానీ ఊగదు. ఆ బిరుసుదనానికి తగ్గ పని ఒకటి ఉంది. కొక్కెం మొన ముందు రెండు గట్టి పోచలు అడ్డంగా నిలిపితే గుర్రపుడెక్క వేళ్లకు మొన తగులుకోదు. విదేశీ ఫ్లైలలో ఇదే పనికి నైలాను తీగ వంచి పెడతారు. ఒకనాడు ఇంగ్లండు ఫ్లైలకు మన అడవికోడి మెడ మీది మెరిసే చుక్కల ఈకలు పోయేవి. ఆ పక్షికి ఇప్పుడు చట్టం రక్షణ ఉంది, దాని ఈక జోలికి పోకూడదు. పెరటి కోడి ఉండగా పోవాల్సిన అవసరమూ లేదు.

రంగు గురించి జరిగే చర్చలు చాలావరకు నీటిని చూడకుండా జరిగేవే. తేటనీటిలో లోతుకు పోయే కొద్దీ ముందుగా ఎరుపు మాయమవుతుందని పుస్తకాలు చెబుతాయి. జూలై నుంచి గోదావరి ఎర్రనీరు కాలువల్లోకి దిగాక లెక్క తిరగబడుతుంది. మట్టి రేణువులు నీలాన్ని ముందే మింగేస్తాయి, మిగిలేది ఇటుక రంగు మసక వెలుతురు. అందులో ఏ రంగు ఫ్లై అయినా కింది నుంచి చూసే చేపకు నీడే. అన్నిటికన్నా చిక్కటి నీడ వేసేది నలుపు. కాబట్టి వరద రోజుల్లో నల్లని కాకి పుంజు ఈక, లావుపాటి ఒళ్లు, గట్టి చప్పుడు. కాలువలు కట్టేసే ఎండాకాలంలో నీరు మడుగులుగా మిగులుతుంది, చేపలన్నీ వాటిలో చేరతాయి. అప్పుడు ఏ ఫ్లై అయినా పనిచేస్తుంది కనుక ఆ రోజుల అనుభవంతో ఫ్లైని మెచ్చుకోవడం సరికాదు. అసలు పరీక్ష శీతాకాలంలో. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశిక పాయలో పీకల్లోతు నీళ్లలో భుజాల మీద మోసుకు దాటిస్తారే, ఆ రోజులు. నీరు కాస్త తేటపడి ఉంటుంది, పొద్దున చల్లగా ఉంటుంది, చేప మందకొడిగా ఉంటుంది. పెద్ద చప్పుడు దాన్ని బెదరగొడుతుంది. పెట్ట ఈకతో కట్టిన చిన్న ఫ్లైని, పది గంటల ఎండ పడ్డ రేవు అంచున నిదానంగా జారవిడవాలి. ఇక్కడ కదలిక సిద్ధాంతం ఓడిందా అంటే, లేదు. కదలిక ఎంత మోతాదులో ఉండాలో నీటి వేడి నిర్ణయించింది, అంతే.

ఎర్ర ఉండగా, కప్ప ఉండగా ఈకలెందుకు అన్నది గట్టు మీద మొదట ఎదురయ్యే ప్రశ్న. దీనికి దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. చేపల సంఖ్యే లెక్కయితే బతికున్న ఎర గెలుస్తుంది. ఎందుకంటే దానికి కదలికతో పాటు వాసన కూడా ఉంది. మీసాలతో, ఒళ్లంతా పరుచుకున్న రుచి మొగ్గలతో చీకట్లో తిండి వెతికే మార్పు, ఇంగిలాయి లాంటి చేపలు ఈక జోలికి రావడం అరుదు. బొచ్చె నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకు తింటుంది, శీలావతి నాచు గీక్కుంటుంది. వాటికీ పాపర్‌తో పని లేదు. ఫ్లై అందరికీ పనికొచ్చే మంత్రమని ఎవరైనా చెబితే నమ్మకండి. అది చూపుతో, చప్పుడుతో వేటాడే చేపలకే. మన కాలువల్లో కొరమేను, మట్టగిడస, కొంతవరకు వాలుగ, ఉప్పునీరు కలిసే అంతర్వేది, ఓడలరేవు వైపు పండుగప్ప. కానీ చేపల సంఖ్య ఒక్కటే లెక్క కాదు. బతికున్న ఎరను చేప లోపలికంటా మింగుతుంది, కొక్కెం గొంతులోనో కడుపులోనో దిగుతుంది. చిన్నచేపను వదిలేద్దామన్నా అది బతకదు. ఈకను నోట్లో ఎక్కువసేపు ఉంచుకోదు కనుక కొక్కెం చాలావరకు పెదవికే తగులుతుంది. ఇక కప్ప సంగతి. కప్పకాళ్ల ఎగుమతి కోసం లక్షలకొద్దీ కప్పలను పట్టిన రోజులు మన దేశంలో ఉన్నాయి. 1987లో ఆ ఎగుమతిని నిషేధించడానికి ఒక కారణం, వరిచేలల్లో పురుగులను తినే జీవి తరిగిపోతోందన్న భయం. వరికీ కొబ్బరికీ మధ్య బతికే కోనసీమలో ఆ కారణం ఇప్పటికీ చెల్లుతుంది. ఒక చెప్పు ముక్క పది కప్పలను కాపాడగలిగితే అది చిన్న లాభం కాదు.

ఇది విదేశీ శ్రీమంతుల ఆట, దాని కర్ర, రీలు, దారం కొనాలంటే వేలు పోయాలి అన్న అభ్యంతరంలో సగం నిజం ఉంది. ఫ్లైకి సొంత బరువు ఉండదు. మామూలు గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కుపోతుంది, ఇక్కడ దారమే బరువై ఫ్లైని మోసుకుపోతుంది. కొరమేను పాపర్‌కు సరిపోయే 8వ నంబరు దారంలో మొదటి 30 అడుగులే 13.6 గ్రాములుంటాయి. గాలిని అడ్డుకునే లావుపాటి ముక్కను విసరాలంటే ఆ బరువు ఉండాల్సిందే, అలాంటి దారం చవగ్గా రాదు. అయితే ఆ విసురు అవసరమయ్యేది వెడల్పాటి నీటికి. కొబ్బరితోటల మధ్య బోదెకు అటు గట్టు నుంచి ఇటు గట్టుకు వెదురు కర్ర అందుతుంది. జపాన్ కొండవాగుల్లో రీలు లేకుండా, పొడుగు కర్ర చివర దారం కట్టి, ఒకే ఒక్క ఈక ఫ్లైతో పట్టే పద్ధతి తరాలుగా ఉంది, దాన్ని టెంకారా అంటారు. ఆ ఫ్లైలలో ఒక రకానికి ఈకను కొక్కెం కంటివైపు వంగేలా ఎదురు కడతారు, గుంజినప్పుడల్లా అది గొడుగులా ముడుచుకు విచ్చుకుంటుంది. ఏ పురుగుకూ ఆ రూపం ఉండదు. చల్లనీటిలో పుట్టిన పద్ధతి కూడా కదలికను నమ్ముకుని ఇన్ని తరాలు నిలిచిందంటే నా వాదనకు అది బలమే. మన వెదురు గాలానికీ దానికీ మధ్య దూరం ఎర్రకు బదులు ఈక కట్టినంత మాత్రమే.

ఫ్లై నకలు కాదు, కదలిక సంకేతమనడానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆకలి లేని చేప దగ్గర దొరుకుతుంది, ఆ అవకాశాన్ని వాడుకోకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. వానాకాలంలో కొరమేను జంట నాచును తొలగించి నీటిపైన చిన్న ఖాళీ చేసుకుంటుంది. గుడ్లు అక్కడే తేలుతాయి. పొదిగిన పిల్లలు నారింజ ఎరుపులో వందలుగా ముద్దగట్టి తిరుగుతాయి. పిల్లలకూ గాలి గుక్క కావాలి కాబట్టి ఆ ముద్ద ఉన్నచోట నీటిపైన చినుకులు పడుతున్నట్టు చిటపటలాడుతుంది. కిందనే తల్లో తండ్రో కావలి. ఆ ముద్ద మీదుగా ఏది కదిలినా, తినే వస్తువైనా కాకపోయినా, కొరమేను దాని మీద పడుతుంది. ఫ్లై పురుగులా ఉందా లేదా అన్న ప్రశ్నే ఇక్కడ లేదు, అది చొరబాటుదారు. ఇంత సులువుగా దొరికే చేపను పట్టడం నేర్పు కాదు. కావలి పోయిన గంటల్లోనే పిల్లలను చుట్టుపక్కల చేపలు తినేస్తాయి, ఒక్క చేపకు ఒక తరం పోతుంది. నీటిపైన ఎర్రముద్ద కనబడితే దారం చుట్టేసి ముందుకు నడవాలి. అలాగే వెచ్చని నీటిలో ఏ చేపనైనా వదలాలనుకుంటే ఎక్కువసేపు ఆడించకూడదు. అలిసిన ఒంటికి ఆక్సిజన్ బాకీ తీర్చుకోవడానికి ఆ నీటిలో మిగులు ఉండదు. కొరమేనయితే తల నీటిపైకి అందేలా పట్టుకుని, ఒక గుక్క తీసుకున్నాక వదలాలి.

చివరగా నా వాదనకు నిజంగా ఎదురు నిలిచే సంగతి. నకలు లేకపోతే పని జరగని వేళ కోనసీమలోనూ ఒకటుంది. అది చెప్పేముందు ఒక పాత రచయిత మాట. 1873లో ది రాడ్ ఇన్ ఇండియా రాసిన హెన్రీ సల్లివన్ థామస్ మద్రాసు ప్రెసిడెన్సీ సివిల్ ఉద్యోగి, అప్పట్లో గోదావరి జిల్లా కూడా ఆ ప్రెసిడెన్సీలోనిదే. ఆయనే 1887లో చెరువుల్లో గాలం గురించి ప్రత్యేకంగా ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా అనే పుస్తకం రాశాడు. మన దేశపు నీళ్లకు మన దేశపు లెక్క వేరేగా కావాలని అప్పుడే గుర్తించాడన్నమాట. ఆ లెక్కలో తొలకరి సాయంత్రాలను వేరే పద్దు కింద రాయాలి. మొదటి గట్టివాన పడ్డ మర్నాడు పొద్దుగూకే వేళ చెదపుట్టల నుంచి ఉసిళ్లు లేస్తాయి. కాలువ మీద పడ్డ ఉసిళ్లలో ఒకదాన్ని దగ్గరగా చూడండి. ఒంటికన్నా పొడుగైన నాలుగు రెక్కలు, నాలుగూ ఒకే కొలత, నీటిపొరకు తడిసి అతుక్కుపోతాయి. గోధుమరంగు ఒళ్లు వాటి మధ్య మెలికలు తిరుగుతుంది గానీ పైకి లేవలేదు. కాసేపటికి రెక్కలు మొదలంటా ఊడిపోతాయి, ఒళ్లు ఒక్కటే కొట్టుకుపోతుంది. అంతదాకా కనబడకుండా ఉన్న పరిగలు వందల నోళ్లతో పైకొస్తాయి, వాటి వెనకే మట్టగిడసలు. ఆ అరగంటలో బుడుంగుమనే పాపర్‌ను ఒక్క చేపా పట్టించుకోదు, నల్లని వూలీ బగ్గర్‌ను పక్కకు నెట్టేస్తుంది. ట్రౌట్ వాగులో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఒకే తిండి వేలల్లో దొరికినప్పుడు వెచ్చని నీటి చేప కూడా ఏరుకునే చేప అవుతుంది. అప్పుడు కావాల్సింది 12వ నంబరు చిన్న కొక్కెం, గోధుమరంగు దారంతో సన్నని ఒళ్లు, వీపు మీద చదునుగా పరిచి కట్టిన లేతరంగు ఈకలు రెండు, వాటిని మోయడానికి రెండు చుట్ల బిరుసు పుంజు ఈక. గుంజకూడదు, కదపకూడదు, నీటితో పోనివ్వాలి. పూర్తిగా చీకటి పడేసరికి ఉసిళ్ల రాక ఆగిపోతుంది. పరిగలు లోపలికి దిగిపోతాయి. ఆ పరిగల కోసం గుర్రపుడెక్క నీడలో కొరమేను మళ్లీ కాపు వేస్తుంది, గట్టు మీద మనిషి చిన్న ఫ్లై తెంపి నల్లని బెండు ముక్క కట్టుకోవాల్సిన వేళ అదే.